పడుగూ పేకల బడి

బ్యాంకులోనో, డాక్టరుగారి గది బయటో వేసి ఉండే కుర్చీని ఒకసారి గుర్తుచేసుకోండి. మెరిసే ఉక్కు గొట్టాన్ని వంచి చేసిన కుర్చీ. దానికి వెనక కాళ్లుండవు. కూర్చుంటే కాస్త ఊగుతుంది. కొత్తగా చూసినవాళ్లు ‘పడిపోదు కదా’ అని ఒకసారి చేత్తో నొక్కి మరీ కూర్చుంటారు. పిల్లలు చదువుకునే బల్ల మీద ఎటు కావాలంటే అటు తిరిగే దీపం, నగిషీలేమీ లేకుండా నున్నగా ఉండే టీ కెటిల్, తిన్నటి గోడల మీద పెద్ద పెద్ద అద్దాలు బిగించిన ఆఫీసు భవనం... ఇలాంటివాటి పుట్టిల్లు ఎక్కడని వెతుక్కుంటూ వెళితే దారి చాలాసార్లు జర్మనీలోని ఓ బడి దగ్గర ఆగుతుంది. దాని పేరు బౌహౌస్.

ఆ బడి నడిచింది పద్నాలుగేళ్లే. ఆ కాస్త కాలంలోనే మూడు ఊళ్లు మారింది. ముగ్గురు డైరెక్టర్లను చూసింది. మొత్తం మీద అక్కడ చదివినవాళ్లు సుమారు 1,250 మంది. మన దగ్గర ఓ పెద్ద హైస్కూల్లో ఒక్క ఏడాదిలో ఉండే పిల్లలంతమంది అన్నమాట!

బౌహౌస్ కథ చెప్పేవాళ్లు మామూలుగా కుర్చీతో మొదలుపెట్టి భవనాలతో ముగిస్తారు. కానీ తొలినాటి ఆ గొట్టం కుర్చీలో మనిషి కూర్చునేది గొట్టం మీద కాదు, దాని మధ్య బిగించిన గుడ్డ మీద. మరి ఆ గుడ్డ సంగతేమిటి? అది నేసిన గది సంగతేమిటి? బడి కథంతా నిజానికి ఆ గదిలోంచి చూస్తేనే బాగా కనిపిస్తుంది.

రెండు బళ్లు కలిపి...

మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఓడిపోయింది. చక్రవర్తి దేశం వదిలి వెళ్లిపోయాడు. చేతిలో డబ్బు లేదు, పొయ్యిలోకి బొగ్గు లేదు. అలాంటి రోజుల్లో, 1919 ఏప్రిల్‌లో, యుద్ధరంగం నుంచి తిరిగివచ్చిన వాల్టర్ గ్రోపియస్ అనే ఆర్కిటెక్ట్‌కి వైమార్ పట్నంలోని చిత్రకళా విద్యాలయాన్నీ, చేతిపనుల బడినీ కలిపి నడిపే బాధ్యత దక్కింది. ఆయన రెంటినీ ఒకటి చేసి బౌహౌస్ అని పేరు పెట్టాడు. ‘బౌ’ అంటే కట్టడం, ‘హౌస్’ అంటే ఇల్లు. పాతకాలంలో చర్చిలు కట్టే మేస్త్రీలంతా కలిసి బతికే గుడారాల పేరు కూడా అందులో వినిపిస్తుంది.

గ్రోపియస్ వాదన సూటిగా ఉండేది. బొమ్మలు వేసేవాడు గొప్పవాడు, బల్ల చేసేవాడు తక్కువవాడు అనే గోడ పడిపోవాలి. చిత్రకారుడైనా శిల్పి అయినా ముందు చేతిపని నేర్చుకోవాలి. అందుకే అక్కడ ప్రొఫెసర్లు లేరు. ‘మాస్టర్లు’ ఉన్నారు. విద్యార్థుల్ని మేస్త్రీ దగ్గర పనికి చేరిన కుర్రాళ్లలాగే పిలిచేవారు. మొదట్లో ఒక్కో పనిశాలకు ఇద్దరు గురువులుండేవారు. వస్తువు రూపం గురించి ఆలోచించడం నేర్పే కళాకారుడు ఒకరు, ఉలి పట్టడమో మట్టి తిప్పడమో నేర్పే పనివాడు ఇంకొకరు. ఆ కళాకారుల్లో పాల్ క్లే, వాసిలీ కాండిన్‌స్కీ లాంటి హేమాహేమీలున్నారు. ఇవాళ వాళ్ల ఒక్కో బొమ్మా కోట్లు పలుకుతుంది. అప్పుడు మాత్రం జీతం కోసం పనిచేసే మాస్టర్లే.

చేరినవాళ్లంతా తిన్నగా పనిశాలలోకి వెళ్లడానికి లేదు. ముందు ఆరు నెలలు పునాది చదువు. దాన్ని మొదలుపెట్టిన యోహానెస్ ఇటెన్ ఓ విచిత్రమైన మనిషి. గుండు, సన్యాసిలాంటి పొడుగు అంగీ. పాఠానికి ముందు విద్యార్థులతో శ్వాస మీద వ్యాయామాలు చేయించేవాడు. ఆయన ధర్మమా అని బడి క్యాంటీన్‌లో కొన్నాళ్లు శాకాహారం, బోలెడంత వెల్లుల్లి! ఆయన 1923లో వెళ్లిపోయాక ఆ చదువు లాజ్లో మొహోలీ నాజ్, జోసెఫ్ ఆల్బర్స్ చేతికి వచ్చింది. ఆల్బర్స్ పాఠం ఇప్పటికీ చెప్పుకుంటారు. విద్యార్థులకు తలా కొన్ని పాత న్యూస్‌పేపర్లు ఇచ్చి, వీటితో ఏదైనా చేయండి, కాగితాన్ని వృథా చేయకుండా చేయండి అని వెళ్లిపోయాడు. తిరిగొచ్చేసరికి పడవలు, కోటలు, జంతువులు. ఆయనకు అవేవీ నచ్చలేదు. ఒక విద్యార్థి మాత్రం కాగితాన్ని నిలువుగా మడిచి, రెక్కల్లా నిలబెట్టి ఊరుకున్నాడు. ఆల్బర్స్ మెచ్చుకున్నది దాన్నే. మెత్తటి కాగితం తన కాళ్ల మీద తను నిలబడింది, ఒక్క మడతతో! ఈ పత్రికతోనే ఇంట్లో పిల్లలు ప్రయత్నించి చూడొచ్చు, చదవడం అయ్యాక.

అమ్మాయిలంతా అటు!

తొలి ప్రకటనలోనే గ్రోపియస్ ఓ మాట రాశాడు. మంచి నడవడి ఉన్న ఎవరినైనా, వయసూ ఆడామగా తేడా చూడకుండా చేర్చుకుంటామని. జర్మనీలో ఆడవాళ్లకు ఓటు హక్కు అప్పుడే వచ్చింది. అమ్మాయిలు ఆ మాట నమ్మారు. మొదటి విడతలో 84 మంది అమ్మాయిలు చేరితే అబ్బాయిలు 79 మందే.

దాంతో మాస్టర్లకు కంగారు పుట్టింది. ఇంతమంది ఆడపిల్లలుంటే దీన్ని ఎవరైనా సీరియస్‌గా తీసుకుంటారా, తీరిక వేళల్లో కుట్లూ అల్లికలూ నేర్పే బడి అనుకోరూ అన్నది వాళ్ల బెంగ. మరుసటి ఏడాదికల్లా అమ్మాయిల చేరికను తగ్గించాలనీ, వచ్చినవాళ్లను వీలైనంత వరకూ నేత వైపు పంపాలనీ తీర్మానించుకున్నారు. వడ్రంగం బరువు పని, లోహం గట్టి పని, కట్టడాలు వాళ్లవల్ల కావు... ఇదీ ధోరణి. కళాకారుడికీ పనివాడికీ మధ్య గోడ కూల్చిన పెద్దలే బడి లోపల ఇంకో గోడ కట్టారు. చరిత్ర రాసినవాళ్లు చాలాకాలం దీన్ని పెద్దగా పట్టించుకోలేదు.

సరే, నేత గదిలో ఏముంది? పాత బడి నుంచి మిగిలిన మగ్గాలు. వాటి మీద పని తెలిసిన హెలెనె బోర్నర్ అనే ఒక టీచరమ్మ. పైన రూపం చెప్పే మాస్టరుగా గేయోర్గ్ మూఖె అనే చిత్రకారుడు. జీవితంలో తన చేత్తో ఒక్క పోగు కూడా నేయనని ఒట్టేసుకున్నానని ఆయనే తర్వాత రాసుకున్నాడు. అలాంటి గురువు దగ్గర నేత నేర్చుకోవడం ఎలాగో ఊహించుకోవాల్సిందే.

ఆ గదిని నిలబెట్టింది గుంటా ష్టోల్జిల్. 1897లో మ్యూనిక్‌లో పుట్టిందామె. యుద్ధంలో రెడ్‌క్రాస్ నర్సుగా చేసింది. బడిలో చెప్పేవాళ్లు లేరు కాబట్టి ఆమె, బెనీటా ఒటె అనే స్నేహితురాలు కలిసి క్రేఫెల్డ్ పట్నం వెళ్లి అద్దకమూ నేత శాస్త్రమూ నేర్చుకొచ్చారు. మూలపడిన రంగుల గదిని తెరిపించారు. తాము నేర్చుకున్నది తోటివాళ్లకు నేర్పారు. విద్యార్థులే గురువులయ్యారన్నమాట. బడి డెస్సావుకు మారాక, 1927లో నేత విభాగం మొత్తం ష్టోల్జిల్ చేతికి వచ్చింది. బౌహౌస్‌లో ఒక పనిశాలకు మాస్టరు హోదాతో అధిపతి అయిన తొలి మహిళ ఆమే.

ఆమె హయాంలో నేత గది తీరే మారిపోయింది. మొదట్లో గోడకు వేలాడదీసే బొమ్మల వస్త్రాలు నేసేవారు. తర్వాత కర్టెన్లకూ కుర్చీలకూ నేలకూ పనికొచ్చే గుడ్డలు, మిల్లుల్లో గజాల లెక్కన నేయడానికి వీలైన నమూనాలు తయారుచేయసాగారు. నూలుతోపాటు సెల్లోఫేన్, రేయాన్ వాడి చూశారు. ఏ గుడ్డ వెలుతురును ఎంత తిప్పికొడుతుంది, చప్పుడును ఎంత మింగుతుంది అని పరీక్షించారు. బయటి కంపెనీలతో ఒప్పందాలు కుదిరి బడికి డబ్బు తెచ్చిపెట్టిన పనిశాలల్లో నేత గది ముందువరసలో ఉంటుంది. పనికిరానివాళ్లను పంపే చోటు అనుకున్న గదే బడిని పోషించిన గదుల్లో ఒకటయింది.

అనీ ఆల్బర్స్ అసలు అద్దాల పనిశాలలో చేరాలనుకుంది. కుదరదన్నారు. దారాలంటే మరీ సుకుమారం పని అని చిన్నచూపుతోనే మగ్గం ముందు కూర్చుంది. 1930లో ఆమె చివరి పరీక్షకు చేసిన పని ఒక సభాభవనానికి తెర. నూలూ సెల్లోఫేనూ కలిపి నేసిన ఆ గుడ్డ ఒక వైపు వెలుతురును వెనక్కి కొట్టేది, రెండో వైపు ప్రతిధ్వనిని పీల్చేసుకునేది. ఇంజినీరింగ్ కాదంటారా దాన్ని?

అందరూ మగ్గం దగ్గరే ఆగిపోలేదు. మారియానె బ్రాంట్ పట్టుబట్టి లోహాల పనిశాలలోకి వెళ్లింది. అక్కడ ఆడదానికి చోటు లేదనుకున్న కుర్రాళ్లు చాలాకాలం విసుగెత్తించే పనులే ఆమెకు అప్పజెప్పారట. 1928 నాటికి ఆ పనిశాలను నడుపుతున్నది ఆమే! 1924లో ఆమె చేసిన అరచేతిలో పట్టేంత టీపాట్ ఒకటి 2007లో న్యూయార్క్ వేలంలో 3,61,000 డాలర్లకు అమ్ముడుపోయింది.

అద్దాల గోడ, గొట్టం కుర్చీ

వైమార్‌లో బడిని ఊరివాళ్లు పెద్దగా ఇష్టపడలేదు. జుట్టు కత్తిరించుకున్న అమ్మాయిలు, గాలిపటాల పండగలు, అర్థంకాని బొమ్మలు... పైగా ధరలు చుక్కలనంటుతున్నాయి. 1923లో హెర్బర్ట్ బాయర్ అనే విద్యార్థికి ఆ రాష్ట్ర బ్యాంకు కోసం నోట్లు గీసే పని వచ్చింది. ఎంత నోట్లంటారా? పది లక్షలవీ, ఇరవై లక్షలవీ! ఆ మరుసటి ఏడాది ఎన్నికల్లో మితవాద పార్టీలు గెలిచి బడికిచ్చే డబ్బును సగానికి కోసేశాయి. పారిశ్రామిక పట్నం డెస్సావు మేయరు ఫ్రిట్జ్ హెస్సె రమ్మని పిలవడంతో 1925లో బడి మూటాముల్లె సర్దుకుంది.

అక్కడ గ్రోపియస్ గీసిన కొత్త భవనం 1926 డిసెంబరులో తెరుచుకుంది. పనిశాలల వైపు గోడకు గోడే అద్దం. ఆ భవనం ఇప్పుడు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది.

గొట్టం కుర్చీ ఆ రోజుల్లోనిదే. మార్సెల్ బ్రాయర్ కొత్త సైకిలు కొన్నాడు. దాని హ్యాండిల్ చూసి, ఇంత తేలిగ్గా ఉండే ఉక్కు గొట్టాన్ని సేమియాలా వంచగలుగుతున్నప్పుడు దాంతో కుర్చీ ఎందుకు చేయకూడదు అనుకున్నాడు. వెనక కాళ్లు లేని కుర్చీ ఆలోచన మాత్రం ముందుగా డచ్చి ఆర్కిటెక్ట్ మార్ట్ స్టామ్‌ది. ఈ ముచ్చట కోర్టుదాకా వెళ్లింది కూడా. ఇక అందులో కూర్చునే గుడ్డ... నూలు దారాన్ని మైనంతో గట్టిపరిచి నేసేవారు. దాని పేరే ‘ఇనుప దారం’. మనిషి బరువుకు సాగిపోకుండా దాన్ని మెరుగుపరిచింది నేత గదిలోని మార్గరెటా రైఖార్ట్. కుర్చీకి బ్రాయర్ పేరుంది. గుడ్డకు ఎవరి పేరూ లేదు.

బాయర్ తర్వాత అక్కడే మాస్టరై అక్షరాల మీద పడ్డాడు. జర్మన్ భాషలో ప్రతి నామవాచకమూ పెద్దక్షరంతో మొదలవ్వాలి. పలికేటప్పుడు పెద్దక్షరం చిన్నక్షరం ఉండవు కదా, రాసేటప్పుడు రెండు రకాలు ఎందుకని ఆయన 1925 నుంచి చిన్నక్షరాలే ఉన్న లిపి తయారుచేశాడు. మన తెలుగుకు ఆ బాధే లేదు!

తలుపులు మూసుకున్న రోజు

గ్రోపియస్ 1928లో తప్పుకున్నాడు. తర్వాత వచ్చిన హానెస్ మేయర్ విలాసం కాదు, జనానికి కావలసింది చేద్దామన్నాడు. ఆయన కాలంలోనే బడి తయారుచేసిన వాల్‌పేపర్లు సామాన్యుల ఇళ్లకు చేరి బాగా ఆదాయం తెచ్చాయి. వామపక్షం మనిషని 1930లో ఆయన్ని తీసేశారు. మూడో డైరెక్టరు మీస్ వాన్ డెర్ రోహె. ఆయన వచ్చేనాటికి నాజీల బలం పెరిగిపోతోంది. 1932లో డెస్సావు కౌన్సిల్లో నాజీల తీర్మానం నెగ్గి బడి మూతపడింది. మీస్ దాన్ని బెర్లిన్‌లో పాడుబడ్డ టెలిఫోన్ ఫ్యాక్టరీలోకి మార్చాడు. 1933 ఏప్రిల్ 11న పోలీసులు వచ్చి సోదాలు చేసి తాళం వేశారు. 32 మంది విద్యార్థుల్ని పట్టుకెళ్లారు. కొన్నాళ్లకు, కాండిన్‌స్కీనీ హిల్బెర్‌సైమర్‌నీ తీసేస్తే మళ్లీ తెరుచుకోవచ్చని కబురొచ్చింది. అప్పటికే మాస్టర్లు జులైలో కూర్చుని తమ బడిని తామే రద్దు చేసుకున్నారు.

ముళ్లకంప తెంపితే గింజలు నలుదిక్కులా పడ్డట్టు అయింది. గ్రోపియస్ హార్వర్డ్ చేరాడు. మీస్ చికాగోలో ఉక్కూ అద్దాల భవనాలు కట్టాడు. మొహోలీ నాజ్ 1937లో అక్కడే కొత్త బౌహౌస్ పెట్టాడు. ఇక్కడ చదివిన ఏరీ షరోన్ లాంటివాళ్లు టెల్ అవీవ్ వెళ్లారు. ఆ ఊళ్లో ఇలాంటి తెల్ల భవనాలు సుమారు నాలుగు వేలున్నాయి.

మన దేశానికి ఆ గాలి అంతకన్నా ముందే తగిలింది. వియన్నా నుంచి శాంతినికేతన్ వచ్చిన కళాచరిత్రకారిణి స్టెల్లా క్రామ్రిష్ ఇటెన్‌కు ఉత్తరం రాసి బొమ్మలు పంపమంది. అలా 1922 డిసెంబరులో కలకత్తాలో క్లే, కాండిన్‌స్కీ, ఇటెన్ల బొమ్మలు ఠాగూర్ కుటుంబ చిత్రకారుల బొమ్మలతో కలిసి ప్రదర్శనకెక్కాయి. చిత్రమేమిటంటే, శాంతినికేతన్‌లో కళాభవన్ మొదలైంది కూడా 1919లోనే. బొమ్మనూ చేతిపనినీ కలిపి నేర్పాలన్న ఆలోచన రెండు దేశాల్లో, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే, ఒకే ఏడాది బడిగా మారింది.

రెండో దారి అహ్మదాబాద్ మీదుగా వచ్చింది. బౌహౌస్‌లో చదివిన మాక్స్ బిల్ తొలి డైరెక్టరుగా జర్మనీలోని ఉల్మ్‌లో 1953లో మరో డిజైన్ బడి మొదలైంది. 1961లో పుట్టిన మన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కు దాంతో గట్టి సంబంధాలుండేవి. ముందు పునాది చదువు, ఆ తర్వాతే విభాగం అనే పద్ధతి ఆ వరసలోదే. 2015లో ఆ సంస్థ ఆంధ్రప్రదేశ్‌లోనూ వెలిసింది. అక్కడ వస్త్రాల డిజైన్ ఒక విభాగం. మంగళగిరి మగ్గాలకు కూతవేటు దూరంలో అది ఉండటం సరైన చోటే అనిపిస్తుంది.

ముగ్గురు నేతగత్తెలు

ష్టోల్జిల్ 1929లో ఏరీ షరోన్‌ను పెళ్లాడింది. ఆయన యూదుడు, పాలస్తీనా నుంచి వచ్చినవాడు. పెళ్లితో ఆమె జర్మన్ పౌరసత్వం పోయింది. చంటిబిడ్డ తల్లి. ఆమె గది తలుపు మీద ఎవరో స్వస్తిక్ గీశారు. వేధింపులు భరించలేని స్థితి తెచ్చి 1931లో రాజీనామా చేయించారు. జూరిక్ వెళ్లి మగ్గం పెట్టుకుని దశాబ్దాల పాటు నేస్తూ 1983దాకా బతికింది.

అనీ, జోసెఫ్ ఆల్బర్స్ దంపతులకు 1933లోనే అమెరికాలో ఉద్యోగం దొరికింది. 1949లో న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియం ఆమె నేతకు ప్రత్యేక ప్రదర్శన పెట్టింది. ఒక నేత కళాకారిణికి అక్కడ దక్కిన తొలి గౌరవం అది. 1965లో ఆమె నేత మీద రాసిన పుస్తకాన్ని అంకితమిచ్చింది జర్మన్ మాస్టర్లకు కాదు, పెరూ దేశపు ప్రాచీన నేతగాళ్లకు. వాళ్లే తన గురువులంది.

మూడో ఆమె ఒట్టీ బెర్గర్. ఇప్పుడు క్రొయేషియాలో ఉన్న ఓ పల్లెలో 1898లో పుట్టింది. వినికిడి తక్కువ. గుడ్డను కళ్లతో కాదు, వేళ్లతో అర్థం చేసుకోవాలనేది. ష్టోల్జిల్ వెళ్లాక నేత గదిని కొన్నాళ్లు ఆమే నడిపింది. బడి మూతపడ్డాక బెర్లిన్‌లో సొంత పనిశాల పెట్టింది. మిల్లు గుడ్డ మీద డిజైన్ చేసినవాళ్ల పేరు ఉండని రోజుల్లో తన పేరు ఉండాల్సిందేనని పట్టుబట్టింది. కొన్ని గుడ్డలు ఆమె పొడి అక్షరాలతోనే అమ్ముడయ్యాయి. కుర్చీలకు వాడే ఒక జంట నేతకు 1934లో జర్మనీలో పేటెంట్ తెచ్చుకుంది. తర్వాత ఇంగ్లండ్‌లోనూ.

ఆమె యూదురాలు. 1936లో పనిచేసే అనుమతి రద్దయింది. లండన్ వెళ్లింది. భాష రాదు, చెవులు సరిగా వినపడవు, పని సరిగా దొరకలేదు. చికాగో కొత్త బౌహౌస్‌లో నేత విభాగానికి రమ్మని మొహోలీ నాజ్ పిలిచాడు. ఆమెకు కాబోయే భర్త హిల్బెర్‌సైమర్ అప్పటికే అమెరికా చేరాడు. వీసా రావడమే తరువాయి. 1938లో జబ్బుపడిన తల్లిని చూడటానికి పుట్టిన ఊరు వెళ్లింది. వీసా రాలేదు. యుద్ధం వచ్చింది. 1944లో ఇంటివాళ్లతోపాటు ఆమెను ఆష్విట్జ్‌కు తరలించారు. తిరిగి రాలేదు.

ఆష్విట్జ్ బిర్కెనావ్ శిబిరం నక్షాలు గీసినవాళ్లలో ఫ్రిట్జ్ ఎర్టెల్ అనే అతనున్నాడు. అతనూ బౌహౌస్‌లోనే చదివాడు. ఒట్టీ మగ్గం దగ్గర ఉన్న ఆ ఏళ్లలోనే. 1972లో వియన్నాలో విచారణ జరిగి నిర్దోషిగా బయటపడ్డాడు.

ఒట్టీ నేసిన గుడ్డ ముక్కలు ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలోనూ హార్వర్డ్ మ్యూజియంలోనూ ఉన్నాయి. చాలావరకూ చేయి వెడల్పు నమూనాలే. వేళ్లతో చూడమని నేసినవి. మ్యూజియంలో మాత్రం ముట్టుకోనివ్వరు.